చార్జర్ పెడితే కొట్టుకునే స్క్రీను

ల్యాప్‌టాప్ రిపేరు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు బుక్కరాయసముద్రంలో మా ఇంటికి వస్తుంటారు. ఏ కోర్సు చేయాలి, ఏ సామాను కొనాలి, షాపు ఎక్కడ పెడితే గిరాకీ ఉంటుంది, ఇవీ వాళ్ల ప్రశ్నలు. వాటికి నా దగ్గర జవాబుల్లేవు. నేను పని మానేశాక మిషన్లు చాలా మారిపోయాయి. అప్పట్లో స్క్రీను వెనక సన్నటి ట్యూబులైటు లాంటిది ఉండేది, ఇప్పుడు లేదు. అప్పటి చార్జర్లు ఇటుకంత ఉండేవి. అయినా వచ్చిన ప్రతివాళ్లకూ నేను ఒక సంగతి చెబుతుంటాను. అది రాయదుర్గంలో మాబున్ని అనే ఆమె జీన్స్ షెడ్డులో జరిగింది. నా ఉద్యోగమంటే ఏమిటో నాకు ఆ షెడ్డులోనే బాగా తెలిసింది. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త పెరుగుతోందని మా ఆయన ఎగతాళి చేస్తున్నాడు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

టవర్ క్లాక్ దగ్గర షాపు

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. పెళ్లయ్యాక కొన్నేళ్లు ఇంట్లోనే ఉండి చుట్టుపక్కలవాళ్ల టీవీలు, టేప్ రికార్డర్లు బాగుచేసేదాన్ని. తొంభైల చివర్లో అనంతపురంలో కంప్యూటర్ షాపులు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. టవర్ క్లాక్ దగ్గర నారాయణరెడ్డిగారు పెట్టిన షాపులో సర్వీసు పనికి మనిషి కావాలంటే వెళ్లాను.

రెడ్డిగారిది అంతకు ముందు శనక్కాయల మిల్లు. వానలు వరసగా ముఖం చాటేయడంతో మిల్లు మూసి ఈ షాపు తెరిచారు. "వాన పడినా పడకున్నా అమ్ముడుపోయే సరుకు ఇదొకటే" అనేవారు. నన్ను కిందికీ మీదికీ చూసి అడిగారు.

"ఏమమ్మా, స్క్రూలు విప్పేది నీకు వచ్చునా? లేకుంటే బిల్లులు రాసే పనికి వచ్చినావా?"

"విప్పేదీ వచ్చు సార్, మళ్లా బిగించేదీ వచ్చు."

"రెండోది వచ్చినోళ్లు తక్కువ. రేపట్నుంచి రా."

ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. కంప్యూటర్ లోపల ఏముంటుందో ఆయనకు చివరిదాకా తెలియదు. తెలుసుకోవాలన్న ఆశా లేదు. కానీ సర్వీసు బల్ల దగ్గర ఎవరైనా "సాయంత్రానికి అయిపోతుంది" అని గిరాకీతో అంటే మండిపడేవారు. "ముందు మూత తియ్యి, తర్వాత మాట ఇయ్యి" అనేవారు. ఇంతకన్నా మంచి పాఠం నాకు పాలిటెక్నిక్‌లో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆయనలో నాకు నచ్చనిది ఒకటుండేది. షాపు దాటి మమ్మల్ని ఎక్కడికీ పంపేవారు కాదు. మిషన్ మన దగ్గరికి రావాలి తప్ప మనం మిషన్ దగ్గరికి పోకూడదు. ఎవరైనా ఇంటికి వచ్చి చూడమంటే ఆయన జవాబు ఒకటే. "శనక్కాయలు మిల్లు కాడికి రావల్ల. మిల్లు చేను కాడికి పోదు."

కంటి డాక్టరమ్మ మిషన్

ల్యాప్‌టాప్‌లు మా ఊరికి కాస్త ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన కొత్తలో డాక్టర్ల దగ్గరా, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గరా ఉండేవి. ఒక కంటి డాక్టరమ్మ తన మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఆసుపత్రిలో కరెంటు పోయినప్పుడల్లా స్క్రీను మసకబారి, సన్నగా వణుకుతోంది సరోజా. మొదట నా కళ్లకే ఏదో వచ్చిందనుకున్నాను. ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను కూడా."

నేను వెంటనే పని మొదలుపెట్టాను. స్క్రీను ముందు చట్రం విప్పాను. మడత దగ్గర నుంచి పోయే తీగ చూశాను. వెనక లైటుకు కరెంటిచ్చే చిన్న పలక చూశాను. స్క్రూలన్నీ వరసగా పళ్లెంలో పేర్చుకుని, ఒక పూటంతా వెతికి, మళ్లీ అన్నీ బిగించాను. చార్జర్ తీసి చూస్తే అదే వణుకు.

టీ తాగుతూ ఊరికే చార్జర్ తీస్తూ, పెడుతూ కూర్చున్నాను. తీసిన మరుక్షణం వణుకు మొదలవుతోంది. పెట్టిన మరుక్షణం ఆగిపోతోంది. చెడిపోయిన వస్తువు ఇంత క్రమశిక్షణగా ఉండదు. ఎవరో చెప్పినట్టు చేస్తోంది అనిపించింది. నిజంగానే మిషన్‌కు ఆ ఆజ్ఞ లోపలి నుంచే వెళ్తోంది. బ్యాటరీ మీదకు మారగానే చార్జింగ్ ఆదా చేయాలని అది తనంతట తానే వెలుతురు తగ్గించి, స్క్రీను మీద బొమ్మను మళ్లీ మళ్లీ గీసే వేగాన్నీ తగ్గించుకుంటుంది. కొన్ని స్క్రీన్లకు ఆ తగ్గింపు పడదు. సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఆదా వద్దని చెప్పాను. వణుకు పోయింది. ఒక్క స్క్రూ కూడా విప్పాల్సిన పని లేదు.

అప్పట్నుంచి స్క్రీను కొట్టుకుంటోందని ఎవరు తెచ్చినా నేను అడిగేది ఒకటే. ఆ క్షణంలో కరెంటు ఏం చేసింది? చార్జర్ మీద ఉన్నప్పుడు కొట్టుకుంటోందా, బ్యాటరీ మీదా, లేక ఒకదాని నుంచి ఇంకొకదానికి మారేటప్పుడా? మూత ముందుకూ వెనక్కూ కదిపితే తేడా ఉంటే మడతలో తీగ. వేరే మానిటర్ తగిలించినా అందులోనూ కొట్టుకుంటే తప్పు స్క్రీనుది కాదు. ఇవన్నీ చూడకుండా స్క్రీను మార్చమని చెప్పేవాడిని నేను మెకానిక్ అనను, స్క్రీన్లమ్మేవాడు అంటాను.

రాయదుర్గం నుంచి వచ్చిన ఆమె

ఆ తర్వాత కొన్నేళ్లకు, మంచి ఎండాకాలంలో ఒక శుక్రవారం, మాబున్ని మా షాపుకు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. ల్యాప్‌టాప్‌ను జీన్స్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచిలో, పసిబిడ్డను తెచ్చినట్టు గుండెకు ఆనించుకుని తెచ్చింది. రాయదుర్గంలో ఆమెకు జీన్స్ కుట్టే షెడ్డు ఉంది. గుడ్డ మీద ఏ ముక్క ఎక్కడ పెట్టి కత్తిరించాలో ఆమె తమ్ముడు ఖాజా ఈ కంప్యూటర్లో గీస్తాడు.

"చార్జర్ పెడితే స్క్రీను రెప్పలు కొడతాంది మేడమ్. బెంగళూరుకు ఎత్తుకపోతిమి. పెద్ద షాపు. స్క్రీను పోయిందని కొత్తది ఏసినారు. ఆడ బాగుండె. మా షెడ్డుకు తెచ్చి పెడితే మళ్లా అదే కత."

"బ్యాటరీ మీద?"

"బ్యాటరీ మీద కొట్టుకోదు. కానీ అది ఎంతసేపు నిలుస్తాది? స్టెబిలైజర్ పెట్టి చూస్తిమి. ఇంగా ఎక్కువైంది."

మిషన్ బల్ల మీద పెట్టి చార్జర్ తగిలించాను. నిలకడగా ఉంది. మూత కదిపాను, మానిటర్ తగిలించాను, చార్జర్ వైరు మెలితిప్పాను. ఏమీ లేదు. మధ్యాహ్నం దాకా నడిపినా ఒక్కసారి కూడా రెప్ప వేయలేదు. మాబున్ని స్టూలు మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉంది.

"చూడు, ఈడ ఎంత బుద్ధిగా ఉండాదో" అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. బెంగళూరులో బట్టల షాపులున్న ప్రకాశ్ అనే ఆయన పిల్లల ప్యాంట్లు కుట్టించుకోవడానికి షెడ్డు కోసం వెతుకుతున్నాడు. చిన్నదీ పెద్దదీ అన్ని సైజులూ కంప్యూటర్లో గీసి చూపిస్తేనే పని ఇస్తాడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన కళ్ల ముందే స్క్రీను కొట్టుకుంది. తలనొప్పి వచ్చి లేచిపోయాడు.

"ఇంగోసారి వస్తాను, అప్పుడూ ఇట్లే ఉంటే పని బళ్లారి షెడ్లకు ఇచ్చుకుంటాను అని చెప్పి పోయినాడు. సోమవారం వస్తాండాడు. నా కాడ కుట్టేటోళ్లంతా చేన్లు ఎండిపోయి వచ్చినోళ్లే మేడమ్. ఈ వేసవికి ఇంగ యాడా పని లేదు. ఇదొస్తే నిలబడతాం. రాకుంటే సగం మందిని పొమ్మనల్ల."

నేను రెడ్డిగారి గదిలోకి వెళ్లాను.

"సార్, నేను రాయదుర్గం పోవల్ల."

"మిల్లు చేను కాడికి పోదు సరోజమ్మా."

"ఈ మిషన్‌కు ఈడ జబ్బు లేదు సార్. జబ్బు ఆడ ఉండాది. ఈడ కూర్చుని నేనేం చూసేది?"

"బెంగళూరోళ్లు స్క్రీను జబ్బని చెప్పినారు. నువ్వు కాదంటావా?"

"కాదంటాను."

"నీ మాట తప్పైతే?"

"తప్పైతే కౌంటర్లో కూర్చుని బిల్లులు రాస్తాను సార్."

ఆయన కాసేపు నా వైపు చూసి, ఫ్యాను వైపు చూసి, చివరికి అన్నారు. "పొద్దున్నే పో. కళ్యాణదుర్గం దాటితే బస్సులో సీటు దొరకదు."

చేతులు కట్టుకుని కూర్చున్న పూట

మాబున్ని ఆ సాయంత్రమే మిషన్ తీసుకుని వెళ్లిపోయింది. శనివారం పొద్దున నేను రాయదుర్గం బస్టాండులో దిగేసరికి ఖాజా స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను దాటి నా వెనక దిగేవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తున్నాడు. బస్సు ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"ఇంజనీరు సారు రాలేదా మేడమ్?"

"నేనే వచ్చినా."

నా చేతిలోని సంచి తీసుకున్నాడు.

మాబున్ని షెడ్డు రేకుల కప్పు కింద పొడుగ్గా ఉంది. రెండు వరసల కుట్టు మిషన్లు, మధ్యలో నీలం గుడ్డల గుట్టలు, గాలిలో దూది నలుసులు. ఒక చివర ఇస్త్రీ బల్ల. దాని వెనక గోడకు అవతల చిన్న గది, అందులో ఖాజా బల్ల, ల్యాప్‌టాప్. ఇస్త్రీ చేసే ఓబులేసు నన్ను చూసి తల ఊపాడు.

చార్జర్ పెట్టిన కాసేపటికి స్క్రీను కొట్టుకోవడం మొదలైంది. వెలుగు, మసక, వెలుగు, మసక. చూడడానికి నిజంగానే కష్టంగా ఉంది. దాని పక్కన స్టెబిలైజర్ టక్కు టక్కుమంటోంది.

"విప్పుతారా మేడమ్?" అన్నాడు ఖాజా.

"లేదు. ఒక కుర్చీ ఎయ్యి."

ఇది కొత్తవాళ్లు గట్టిగా పట్టుకోవాల్సిన మాట. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే కన్ను పని చేయదు. నేను స్టెబిలైజర్ తీసేసి, చార్జర్‌ను నేరుగా గోడకు పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. స్క్రీనును చూడలేదు. చార్జర్ మీద ఉండే చిన్న పచ్చ లైటును చూశాను. స్క్రీను మసకబారినప్పుడల్లా ఆ లైటు ఆరిపోతోంది. అంటే చార్జర్‌కే కరెంటు అందడం లేదు. మిషన్ బ్యాటరీ మీదకు దూకుతోంది. మళ్లీ కరెంటు అందగానే వెనక్కు వస్తోంది. బ్యాటరీ మీద వెలుతురు తక్కువ, చార్జర్ మీద ఎక్కువ. అటూ ఇటూ దూకడమే మనకు రెప్పలు కొట్టినట్టు కనిపిస్తోంది.

ఇక కరెంటును ఎవరు లాక్కుపోతున్నారో తేలాలి. కొట్టుకోవడం కాసేపు జోరుగా ఉంటుంది, కాసేపు పూర్తిగా ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. కుట్టు మిషన్ల మీద నాకు అనుమానం వచ్చింది. ఒక వరస ఆపమన్నాను. తేడా లేదు. రెండో వరసా ఆపమన్నాను. షెడ్డు మొత్తం నిశ్శబ్దమైంది. స్క్రీను మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

కుట్టేవాళ్లంతా తలలెత్తి నన్ను చూస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి ఓబులేసు గొణుగుడు వినిపించింది.

"పాడు పెట్టె. కొత్తది తెచ్చినా సరిగా కాగదు. ఎంతసేపు పెట్టినా మడత నిలబడదు."

నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి నుంచి ఒక కంటికి ఇస్త్రీ పెట్టె, ఒక కంటికి చార్జర్ కనిపిస్తున్నాయి. పెట్టె కరెంటు లాగేటప్పుడే వెలిగే ఎర్ర లైటు వెలిగింది. చార్జర్ మీద పచ్చ లైటు ఆరింది. ఎర్రది ఆరింది. పచ్చది వెలిగి నిలిచింది.

"ఓబులేసన్నా, ఆ పెట్టె స్విచ్చి తియ్యి."

తీశాడు. స్క్రీను నిలిచింది.

"ఇప్పుడు మళ్లా ఎయ్యి."

వేశాడు. స్క్రీను కొట్టుకుంది.

"తియ్యి."

నిలిచింది. ఈసారి కుట్టేవాళ్లంతా గుమ్మం దగ్గరికి వచ్చేశారు. ఎవరో నవ్వారు. నవ్వు షెడ్డంతా పాకింది. ఓబులేసు మాత్రం నవ్వలేదు.

"నేనేం చేసినా మేడమ్?"

"నువ్వేం చేయలేదన్నా. నీ పెట్టె ఎందుకు కాగడం లేదో, ఈ స్క్రీను ఎందుకు కొట్టుకుంటాందో, రెండింటికీ కారణం ఒకటే."

ఖాజా అయోమయంగా అడిగాడు. "ఇస్త్రీ పెట్టెకూ కంప్యూటరుకూ ఏం సంబంధం అక్కా? గోడకు ఆ పక్క అది, ఈ పక్క ఇది."

మేడమ్ అప్పుడు అక్క అయింది. "గోడ ఒకటే గదప్పా" అన్నాను.

గోడ లోపల

మీటరు పెట్టి చూశాను. ఇస్త్రీ పెట్టె ఆపి ఉన్నప్పుడు ఖాజా ప్లగ్గులో కరెంటు బాగానే ఉంది. పెట్టె కాగడం మొదలుపెట్టగానే సగం కన్నా కిందికి పడిపోతోంది. పడిన చోట నిలవకుండా ఎగిరెగిరి పడుతోంది. అదే సమయంలో మెయిన్ దగ్గర కొలిస్తే ఏ మార్పూ లేదు. అంటే ఊరి కరెంటుది తప్పు కాదు. మెయిన్‌కూ ఈ గోడకూ మధ్యలో ఎక్కడో ఉంది.

మెయిన్ ఆపేసి, ఇస్త్రీ బల్ల దగ్గరి చెక్క బోర్డు విప్పాను. వెనక నుంచి కాలిన వాసన గుప్పుమంది. మెయిన్ నుంచి వచ్చిన పాత అల్యూమినియం తీగనూ, పెట్టెకూ కంప్యూటరుకూ పోయే రాగి తీగలనూ కలిపి చేత్తో మెలి తిప్పి టేపు చుట్టారు. టేపు కరిగి కారిపోయింది. తీగ నల్లబడి పొడి రాలుతోంది. బోర్డు వెనక చెక్క అరచేయంత మేర బొగ్గయింది. ఆ బొగ్గు చుట్టూ మెత్తగా దూది పేరుకుని ఉంది.

మాబున్నిని పిలిచి చూపించాను. ఆమె బొగ్గును వేలితో ముట్టుకుంది. వెనక్కి తిరిగి షెడ్డు నిండా ఉన్న గుడ్డల గుట్టలను చూసింది. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"ఇదంతా అంటుకునిండేదా?" అంది చిన్నగా.

"ఇంగ కొన్నాళ్లుంటే అంటుకునేది."

"తలుపు ఒకటే ఉండాది మేడమ్. అందరూ లోపలే ఉంటారు."

ఖాజా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, అసలేం జరుగుతోందో అర్థమయ్యేలా చెప్పమన్నాడు. బోరు నీళ్లతో పోల్చి చెప్పాను.

"పైపులో రాయి అడ్డం పడిందనుకో. చెంబు పెడితే నిండుతాది. నీకు అనుమానం రాదు. పెద్ద తొట్టి నింపాలని చూస్తే సన్నటి ధార వస్తాది. ఈ మెలిక ఆ రాయి. కంప్యూటరు చెంబు. ఇస్త్రీ పెట్టె తొట్టి. తొట్టికి నీళ్లు పోతా ఉంటే చెంబుకు చుక్క కూడా మిగలదు."

"మరి స్టెబిలైజర్?"

"అది ఇంత తక్కువ కరెంటుతో ఏమీ చేయలేదు. చేతులెత్తేసి టక్కుమని ఆపేస్తాది. అందుకే ఎక్కువైంది."

మాబున్ని తలెత్తింది. "అయితే స్క్రీను బాగుండినట్టే గదా? ముందుదీ బాగుండినట్టే గదా?"

"ముందుదీ బాగుండె. గోడలో నిప్పు రాజుకుంటాందని అది మొదట్నుంచీ చెప్తానే ఉండె."

బెంగళూరు షాపువాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల బల్ల మీద ఆ మిషన్ ఎప్పుడూ కొట్టుకోలేదు. కానీ కొట్టుకోని స్క్రీనును మార్చడం తప్పు. మన దగ్గర బాగా నడిచిన మిషన్ గిరాకీ దగ్గర నడవలేదంటే, ఆ రెండు చోట్లకూ మధ్య ఏం మారిందో చూడాలి. అది చూడాలంటే బస్సు ఎక్కాల్సిందే. పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పే కఠినమైన మాట ఇదే. చెమట పట్టకుండా కొన్ని జబ్బులు దొరకవు.

ఆ ఊరి ఎలక్ట్రీషియన్ను పిలిపించాం. ఆదివారమంతా పని జరిగింది. ఇస్త్రీ పెట్టెకు మెయిన్ నుంచి నేరుగా లావుపాటి కొత్త తీగ. ఖాజా గదికి వేరే తీగ. చేత్తో తిప్పిన మెలిక ఒక్కటీ మిగలకుండా అన్నిచోట్లా బిగించే కనెక్టర్లు. ఎర్తు లేదని తేలి అదీ వేయించాం. గోడల మీది దూదినంతా కుట్టేవాళ్లే వచ్చి దులిపారు. పిలవకుండానే వచ్చారు.

ఆ రాత్రులు మాబున్ని ఇంట్లోనే ఉన్నాను. పొద్దున మరమరాలతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టి, ఎదురుగా కూర్చుని తన సంగతి చెప్పింది.

"చిన్నప్పుడు ఒకరి షెడ్డులో జిప్పులు కుట్టే పనికి పోతాంటి. పొద్దుగూకులూ జిప్పులే. పూర్తి ప్యాంటు ఎట్లుంటాదో చూసిందే లేదు. ఎప్పటికైనా మొదట్నుంచి కడదాకా ఒక ప్యాంటు నా షెడ్డులోనే తయారు కావల్ల అనుకుంటి. ఇదొక్కటీ దాటితే చాలు మేడమ్."

ఆదివారం సాయంత్రం మెయిన్ వేశాం. ఓబులేసు పెట్టె పెట్టాడు. ఖాజా చార్జర్ పెట్టాడు. స్క్రీను కదల్లేదు. ఓబులేసు ఒక ప్యాంటు మడత మీద పెట్టె నడిపి, ఎత్తి వెలుతురులో చూసి, "కాగింది" అన్నాడు. అంతే అన్నాడు గానీ, ఆ పూట ఇస్త్రీ చేయాల్సినవే కాక, చేయక్కర్లేనివి కూడా తెచ్చుకుని చేశాడు.

ఇంకొకటి మిగిలింది. చార్జర్ తీస్తే స్క్రీను ఒక్కసారి నల్లగా రెప్పవేసి మసకబారుతోంది. కంటి డాక్టరమ్మ మిషన్ లాంటిదే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, ప్రకాశ్‌గారి ముందు అదొక్కసారి జరిగినా చాలు. సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాటరీ మీదా చార్జర్ మీదా వెలుతురు ఒకేలా పెట్టాను. స్క్రీను మీద చేసే ఆదాను ఆపేశాను. చార్జర్ తీశాను, పెట్టాను. ఏమీ జరగలేదు. ఖాజా కూడా తీసి పెట్టాడు. మాబున్ని కూడా వచ్చి ఒకసారి తీసి పెట్టి చూసుకుంది.

సోమవారం

ఉండిపొమ్మని మాబున్ని అడిగింది. అడగకపోయినా ఉండేదాన్ని.

ప్రకాశ్‌గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కన్నడ యాసతో తెలుగు మాట్లాడతారు. వచ్చీ రాగానే ఖాజా బల్ల ముందు కుర్చీ కాస్త దూరంగా జరుపుకుని కూర్చున్నారు. పోయినసారి తలనొప్పి గుర్తున్నట్టుంది.

"ఈ దినమైనా చూడనిస్తుందా మీ స్క్రీను?"

"చూడండి సార్" అన్నాడు ఖాజా.

చిన్న సైజు గీతలు వచ్చాయి. వాటిని ఖాజా పెంచుతూ పోయాడు. గుడ్డ మీద ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఎలా సర్దుతాడో చూపించాడు. జేబు ముక్క తిప్పి కాలు ముక్క పక్కన ఇరికిస్తే గుడ్డ ఎంత మిగులుతుందో చూపించాడు. ప్రకాశ్‌గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మళ్లీ జరుపుకున్నారు. ఇద్దరి తలలూ స్క్రీను దగ్గర కలిసిపోయాయి.

అప్పుడు కరెంటు పోయింది. అవతల మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మాబున్ని నా మోచేయి గట్టిగా పట్టుకుంది. స్క్రీను మీద గీతలు అలాగే ఉన్నాయి. ఖాజా మౌసు ఆపలేదు. ప్రకాశ్‌గారు ఇంకా జేబు ముక్క గురించే అడుగుతున్నారు. కాసేపటికి మెడ మీద చెమట తుడుచుకుంటూ తలెత్తి ఫ్యాను వైపు చూశారు.

"కరెంట్ పోయిందా?"

"ఎప్పుడో పోయింది సార్" అంది మాబున్ని.

జనరేటర్ వేశారు. ఫ్యాను తిరిగింది. మాబున్ని ఓబులేసుకు చేత్తో సైగ చేసింది. అతను ఇస్త్రీ పెట్టె పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. స్క్రీను నిలిచే ఉంది. ప్రకాశ్‌గారికి నమ్మకం కుదిరినట్టు లేదు. తనే వంగి, చార్జర్ ప్లగ్గు పీకారు. స్క్రీను చూశారు. మళ్లీ పెట్టారు. మళ్లీ చూశారు.

"స్క్రీన్ మళ్లీ మార్పించినారా? బెంగళూరులోనా?"

"లేదు సార్. అనంతపురం నుంచి వచ్చి ఈమె చేసినాది" అని మాబున్ని నన్ను ముందుకు తోసింది.

ఆయన నా వైపు తిరిగారు. "ఏ స్క్రీన్ వేసినారమ్మా?"

"స్క్రీను ముట్టుకోలేదు సార్. గోడ బాగుచేసినాం."

ఆయనకు మొదట అర్థం కాలేదు. ఖాజా ఆయన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి తీసుకెళ్లి, పక్కన పెట్టిన పాత బోర్డు చూపించాడు. బొగ్గయిన చెక్కను ప్రకాశ్‌గారు చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. దాన్ని కింద పెట్టి చేతులు దులుపుకుని మాబున్నితో అన్నారు.

"గోడ విప్పి చూసేవాళ్లకు నా గుడ్డ ఇవ్వడానికి నాకు భయం లేదమ్మా. ముందు చిన్న సైజులు మొదలుపెట్టండి. గుడ్డ ఈ వారమే పంపిస్తా."

ఆయన కారు సందు తిరిగేదాకా మాబున్ని బయటే నిలబడింది. నేను ఆమె ఫోను తీసుకుని రెడ్డిగారికి చేశాను.

"అయిపోయింది సార్."

"ఏముండె?"

"గోడలో వైరు సార్. ఇస్త్రీ పెట్టె ఏసినప్పుడల్లా కరెంటు పడిపోతాండె."

"బెంగళూరోళ్లకు తెలియకపాయెనా?"

"వాళ్లు రాయదుర్గం రాలేదు సార్."

ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే. రేపు పొద్దున గుంతకల్లు పోయి రా. ఆడ రైల్వే ఆయన ఒకాయన స్క్రీను పోయిందని నా తల తింటాండాడు. మిషన్ తేవద్దని చెప్పినా. మా ఇంజనీరమ్మే వస్తాది అని చెప్పినా."

ఫోను పెట్టేసి షెడ్డులోకి వచ్చేసరికి కరెంటు తిరిగి వచ్చింది. ఎవరూ కుట్టడం లేదు. అందరూ గుమ్మం వైపే చూస్తున్నారు. ఏం జరిగిందో వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మాబున్ని ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా మొదటి వరసకు నడిచింది. అక్కడ కుట్టే అమ్మాయిని లేపి తను కూర్చుంది. కొంగు నడుముకు దోపుకుంది. కత్తిరించి పెట్టిన ముక్కలు రెండు తీసుకుని సూది కింద పెట్టి, తలెత్తి అందరినీ చూసింది.

"ఏమప్పా, అట్ల చూస్తాండారు? బళ్లారోళ్లు వచ్చి కుట్టిపోతారా?"

ఆమె మిషన్ కదిలింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి, చివరికి రెండు వరసలూ ఒకేసారి హోరుమన్నాయి. రేకుల కప్పు అదిరింది. అనంతపురం బస్సుకు టైమైందని ఖాజా నాతో చెబుతున్నాడని అతని పెదాలు చూస్తే తెలిసింది. మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు.